చిగుళ్ల ఆపరేషన్ తర్వాత ప్యాకా, జిగురా, రక్తపు పొరా?

ప్రశ్న: నా వయసు 47. కింది వరుసలో కుడివైపు వెనక పళ్ల చుట్టూ లోతుగా గుంటలు పడ్డాయని, చిగురును ఎత్తి లోపల శుభ్రం చేసే ఫ్లాప్ సర్జరీ చేయాలని డాక్టరుగారు చెప్పారు. కొన్ని వారాల తర్వాత, కింది ముందు పళ్లలో ఒకదాని దగ్గర చిగురు బాగా దిగిపోయినందున అంగిలి నుంచి కొంత కండ తీసి అక్కడ అతికిస్తారట. మా అక్కకు చిగుళ్ల ఆపరేషన్ అయినప్పుడు పళ్ల చుట్టూ గులాబీరంగు ముద్ద ఒకటి పెట్టారు. అది ఉన్నన్నాళ్లూ నోరంతా వాసన అనీ, బరువు అనీ నానా అవస్థ పడింది. మా వదినకు ఏమీ పెట్టలేదు, చక్కగా మానిపోయింది. మా డాక్టరుగారిని అడిగితే ప్యాక్ ఉంది, జిగురు ఉంది, మీ రక్తం నుంచే తీసే పొర ఉంది, ఏది కావాలన్నా పెడతాను అన్నారు. ఏది పెడితే గాయం త్వరగా మానుతుంది? ఏది పెడితే నొప్పి తక్కువ? ఇంటర్నెట్‌లో చూస్తే ఒక్కోచోట ఒక్కో మాట ఉంది. నాకు షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నాను. ఇంకో భయం కూడా ఉంది. ఆ ముద్ద నిద్రలో ఊడి గొంతులోకి పోతే ఏమవుతుంది?

సమాధానం: మీ అక్కగారు చెప్పిందీ నిజమే, మీ వదినగారు చెప్పిందీ నిజమే. ఇద్దరికీ అయింది చిగుళ్ల ఆపరేషనే అయినా ఇద్దరి నోట్లో ఉన్న గాయం ఒకటే అని చెప్పలేం. మీ సంగతే చూడండి. మీ ఒక్కరికే రెండు రకాల గాయాలు కాబోతున్నాయి. ఒకటి కుట్లతో మూసేసే గాయం. రెండోది, అంగిలి మీద పచ్చిగా మిగిలిపోయే అవకాశం ఉన్న గాయం. ఏ ముద్ద మంచిది అని అడిగే ముందు ఏ గాయానికి అని అడగాలి. ఇంటర్నెట్‌లో మీకు కనిపించిన గందరగోళంలో సగం ఈ ప్రశ్న వేయకపోవడం వల్ల వచ్చిందే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వెనక పళ్ల ఫ్లాప్ సర్జరీకి ప్యాక్, అంటే మీ అక్కగారికి పెట్టిన లాంటి ముద్ద, పెట్టకపోయినా మీరు నష్టపోయేది దాదాపు ఏమీ లేదు. అంగిలి గాయం పచ్చిగా ఉండేటట్టయితే మాత్రం దాన్ని ఏదో ఒకదానితో కప్పే తీరాలి. ఇక ఎందుకో చెబుతాను. ఆపరేషన్ మధ్యలో డాక్టరుగారు మనసు మార్చుకుని వేరేది పెట్టినా మీకు కంగారు ఉండదు.

ఆ గులాబీరంగు ముద్దకు వందేళ్ల చరిత్ర ఉంది. 1923లో వార్డ్ అనే అమెరికన్ దంతవైద్యుడు చిగుళ్ల ఆపరేషన్ తర్వాత పళ్ల చుట్టూ ఒక ముద్ద పెట్టమని ప్రచారం చేశాడు. దానికి పెట్టుకున్న పేరు వండర్ ప్యాక్. జింక్ ఆక్సైడ్ పొడిని, లవంగ నూనెలో ఉండే యూజినాల్ అనే ద్రవాన్ని కలిపి చేసేవారు. ఆ రోజుల్లో పెరిగిన చిగురును, గుంటల పక్కన ఉన్న చిగురును కోసి తీసేయడమే ప్రధానమైన ఆపరేషన్. కోసిన చోట కుట్టడానికి ఏమీ మిగలదు, పుండు బయటికే ఉంటుంది. అలాంటప్పుడు కప్పు కావాలనిపించడంలో వింతేమీ లేదు. ముద్ద గట్టిగా నిలవడానికి కొన్ని దశాబ్దాల పాటు అందులో ఆస్‌బెస్టాస్ పీచు కూడా కలిపారు! ఊపిరితిత్తులకు అది చేసే హాని తెలిశాక మానేశారు. యూజినాల్ తాజా గాయం మీద మంట పుట్టిస్తుందనీ, కొందరికి అలర్జీ తెస్తుందనీ తేలాక యూజినాల్ లేని ప్యాక్‌లు వచ్చాయి. మీ అక్కగారికి పెట్టింది ఆ రకమే అయ్యుండాలి. కో-ప్యాక్ పేరుతో దొరికేది వాటిలో బాగా వాడుకలో ఉన్నది. రెండు ట్యూబుల్లోని పేస్టులను సమంగా కలిపి, జిగట తగ్గాక తడి వేళ్లతో సన్నటి కడ్డీలా చేసి పళ్ల వెంట ఒత్తుతారు. దానికి అంటుకునే గుణం లేదు. పళ్ల సందుల్లోకి దూరి, అక్కడ గట్టిపడి, ఆ పట్టు మీదే నిలుస్తుంది. అందుకే పళ్లు లేని చోట, ఒంటరి పన్ను చుట్టూ, అంగిలి నడుమ సరిగా ఆగదు.

ఈ ముద్ద గాయాన్ని మాన్పదు. చెయ్యి విరిగితే వేసే పిండికట్టు ఎముకను అతికించదు, అతుక్కునేదాకా కదలకుండా చూస్తుంది. ప్యాక్ పని కూడా అంతే. తినేది గుచ్చుకోకుండా, నాలుక తడమకుండా, పొరపాటున బ్రష్ తగలకుండా అడ్డుగా ఉంటుంది. ఎత్తి కుట్టిన చిగురును ఎముకకు ఆనించి ఉంచుతుంది, కింద రక్తం దళసరిగా గడ్డకట్టకుండా చూస్తుంది. అందులో సూక్ష్మజీవులను అణిచే పదార్థాలు కొద్దిగా ఉన్నా, వాటి మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు.

ఇక దాని చెడ్డగుణాలు మీ అక్కగారు మీకు చెప్పే ఉంటారు. పైభాగం గరుకుగా ఉంటుంది, పాచి త్వరగా పడుతుంది. కింద ఏముందో మీరు కడగలేరు, డాక్టరు చూడలేరు. వాసన అక్కడి నుంచే వస్తుంది. దానికితోడు పెట్టే చేతిని బట్టి కూడా చాలా ఉంటుంది. బుగ్గ వైపు మరీ కిందికి దింపితే అంచు ఒరుసుకుని కొత్త పుండు పడుతుంది. ఎత్తుగా పెడితే నోరు మూసినప్పుడల్లా పైపన్ను తగిలి నొప్పి పుడుతుంది, ముద్ద విరుగుతుంది. చిగురు కిందికి కాస్త జొరబడినా మానడం ఆలస్యమవుతుంది. ప్యాక్ వల్ల నొప్పి అని చాలామంది చెప్పేది నిజానికి సరిగా పెట్టని ప్యాక్ వల్ల నొప్పి.

మీ మొదటి ఆపరేషన్ సంగతి చూద్దాం. ఫ్లాప్ సర్జరీలో చిగురును పుస్తకం అట్టలా ఎత్తి, పళ్ల వేర్ల మీది గారను, పాడైన కండను శుభ్రం చేసి, మళ్లీ యథాస్థానంలో పెట్టి కుడతారు. అంచులు దగ్గరగా చేరితే శరీరమే మిగతాది చూసుకుంటుంది. మొదటి రోజు పలుచటి రక్తపు గడ్డ రెండు వైపులనూ కలుపుతుంది. ఒకటి నుంచి మూడు రోజుల్లో అంచుల నుంచి కొత్త చర్మకణాలు జరగడం మొదలవుతుంది. వారానికి చిగురు పంటికి బలహీనంగా అతుక్కుంటుంది, నెలకు పైపొర పూర్తిగా తయారవుతుంది. కుట్లు సాధారణంగా 7 నుంచి 10 రోజుల మధ్య తీస్తారు. ఇంత పనిలోనూ ముద్ద పాత్ర ఎక్కడ? అదే అనుమానం పరిశోధకులకూ వచ్చింది. 1950ల నుంచి ప్యాక్ పెట్టిన వాళ్లనూ పెట్టని వాళ్లనూ పోల్చుతూ వచ్చారు. కొన్ని పరిశోధనల్లో ఒకే మనిషికి ఒక పక్క పెట్టి, రెండో పక్క వదిలేసి చూశారు. కొన్ని వారాలు, నెలలు గడిచాక గుంటల లోతులోగానీ చిగురు పట్టులోగానీ చెప్పుకోదగ్గ తేడా కనపడటం లేదన్నది ఆ పరిశోధనలు మళ్లీ మళ్లీ చెప్పిన మాట. కుట్లు బాగా పడి, గాయం శుభ్రంగా ఉంటే ముద్ద కలిపేదీ లేదు, తీసేసేదీ లేదు.

నొప్పి విషయంలో మాట అంత ఏకగ్రీవంగా లేదు. కొందరికి మొదటి రెండు మూడు రోజులు ప్యాక్ ఉంటే హాయిగా ఉంది. మరికొందరు నొప్పి తేడా ఏమీ లేదు, ఇబ్బంది మాత్రం ఎక్కువైంది అన్నారు. క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలి మందు వచ్చాక తూకం ప్యాక్ లేని వైపు ఇంకాస్త మొగ్గింది. బ్రష్ పెట్టలేని చోట పాచిని ఆపడానికి అదొక దారి చూపింది మరి. ముద్ద కంటే పుక్కిలి మందే నయం అని రోగులే చెప్పిన సందర్భాలు ఉన్నాయి.

అయినా మీ డాక్టరుగారు ఆపరేషన్ చేస్తూ, ప్యాక్ పెడుతున్నాను అంటే కాదనకండి. చిగురును పాత చోటు కంటే కిందికి జరిపి కుట్టాల్సి రావచ్చు. ఎముక అంచు కొంత బయటికి కనపడవచ్చు. కుట్లు వేశాక కూడా రక్తం ఊరుతూ ఉండవచ్చు. పళ్లు బాగా కదులుతుంటే కూడా ప్యాక్ కొంత ఊతంగా ఉంటుంది. ఇలాంటప్పుడు కొద్దిరోజుల అసౌకర్యానికి తగిన ప్రతిఫలం ఉంది. పళ్ల రంగులో ఉండి లైటు వేస్తే గట్టిపడే ప్యాక్‌లు కూడా ఉన్నాయి. ముందు పళ్లకైతే అందంగా ఉంటాయి. మీవి వెనక పళ్లు కాబట్టి దాని కోసం పట్టుబట్టనక్కర్లేదు.

మీ అక్కగారికి పెరిగిన చిగురును కోసి తీసేసే ఆపరేషన్ అయ్యుంటే లెక్క మారుతుంది. ఆ గాయాన్ని మూయరు. కొత్త పైపొర అంచుల నుంచి రోజుకు సుమారు అర మిల్లీమీటరు చొప్పున పాకుతూ రావాలి. అది మూసుకునేదాకా గాలి తగిలినా జివ్వుమంటుంది. అలాంటి గాయం మీద ముద్ద పెట్టడం తప్పని నేను అనను. ప్యాక్ లేకపోతే ఆవిడ ఇంకా ఎక్కువ అవస్థ పడేవారేమో!

అసలు చర్చ రెండో ఆపరేషన్ దగ్గర ఉంది. మీరు ప్యాక్, జిగురు, పొర అంటూ ఆలోచిస్తున్నారు గానీ, నన్నడిగితే డాక్టరుగారిని ముందు అడగవలసింది ఇంకొకటి ఉంది. అంగిలి నుంచి కండను పైపొరతో సహా తీస్తారా, పైపొరను అలాగే ఉంచి దాని కిందిది మాత్రం తీస్తారా? పైపొరతో సహా తీస్తే అంగిలి మీద దీర్ఘచతురస్రంగా పచ్చిపుండు మిగులుతుంది. కింది కండ మాత్రమే తీస్తే పైపొరను మూతలా మళ్లీ వేసి కుట్టేస్తారు, ఆ గాయం చాలా తేలిగ్గా మానుతుంది. ఏ కప్పు పెట్టాలనే నిర్ణయం కంటే ఈ నిర్ణయం మీ నొప్పిని ఎక్కువ మారుస్తుంది. ఇది పూర్తిగా మీ చేతిలోనో, డాక్టరు చేతిలోనో ఉండదు. కింది ముందు పళ్ల దగ్గర గట్టి చిగురు వెడల్పు పెంచాలంటే పైపొరతో సహా తీయడమే మంచి పద్ధతి అని చాలామంది అనుకుంటారు. బయటపడిన వేరును కప్పడమే ముఖ్యమైతే కింది కండ సరిపోతుంది. మీకు ఏది అవసరమో, ఎందుకో అడగండి.

పైపొరతో సహా తీస్తారనే అనుకుందాం. ఆ పుండు పూర్తిగా మూసుకోవడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. మింగినప్పుడల్లా, మాట్లాడినప్పుడల్లా నాలుక తగిలే చోటు అది. ఎంత లోతుగా, ఎంత వెడల్పుగా తీశారన్నదాన్ని బట్టి నొప్పి ఉంటుంది. రక్తం కారడం కూడా ఇక్కడే ఎక్కువ, ఎందుకంటే అంగిలి వెనక భాగం నుంచి పెద్ద రక్తనాళం ఒకటి ముందుకు వస్తుంది. ఏమీ కప్పకుండా వదిలేస్తే మానదా అంటే మానుతుంది. కానీ ఆ మొదటి వారం ఎవరికీ చెప్పుకోలేనంత చిరాకుగా ఉంటుంది. పళ్ల ప్యాక్ ఇక్కడ నిలవదని ముందే చెప్పాను. కాబట్టి మిగిలినవి చూద్దాం.

పాతదీ సులువైనదీ కొలాజెన్ లేదా జెలటిన్ స్పాంజి. పుండు మీద పెట్టి అడ్డంగా కుట్లు వేస్తారు. రక్తం ఆపడంలో మంచిది, కొన్నాళ్లకు తనంతట తానే కరిగిపోతుంది. ఒంటరిగా దానికి నొప్పి తగ్గించే శక్తి పరిమితమే. రెండు మూడు రోజులకే మెత్తబడి జారిపోయే ప్రమాదం కూడా ఉంది.

జిగురు అంటే సైనోఅక్రిలేట్. తడి తగలగానే క్షణాల్లో గట్టిపడి గాయం మీద పలుచటి పెంకులా నిలుస్తుంది. ఇంట్లో విరిగిన వస్తువులు అతికించే జిగురు కూడా ఇదే కుటుంబానిది కనుక ఒక హెచ్చరిక చేయాలి. ఆ ఇంటి జిగురును నోట్లోకి రానీయకండి. దాని అణువు గొలుసు పొట్టిది. గట్టిపడేటప్పుడు ఎక్కువ వేడి పుట్టిస్తుంది, త్వరగా విచ్ఛిన్నమై ఫార్మాల్డిహైడ్ అనే, కండకు హానిచేసే రసాయనాన్ని వదులుతుంది. వైద్యానికి వాడేవి గొలుసు పొడవుగా ఉండే బ్యూటైల్, ఆక్టైల్ రకాలు. అవి నెమ్మదిగా విడిపోతాయి కాబట్టి కండ తట్టుకుంటుంది. అంగిలి మీద ఈ జిగురు రక్తాన్ని అక్కడికక్కడే ఆపుతుంది, నరాల కొసలకు నాలుక తగలనివ్వదు. స్పాంజి, కుట్లతో పోల్చిన పరిశోధనల్లో మొదటి వారం నొప్పి, నొప్పిమాత్రల వాడకం జిగురు వేసినవాళ్లలో తక్కువగా ఉన్నట్టు చాలాసార్లు కనపడింది. వారం పదిరోజుల్లో పొరలు పొరలుగా ఊడిపోతుంది. ఒక్కటే ఇబ్బంది. మరీ దళసరిగా వేస్తే పెళుసుబారి ముందే రాలిపోతుంది, అంచు నాలుకకు గుచ్చుకుంటుంది.

మీ రక్తం నుంచే తీసే పొర పేరు పీఆర్ఎఫ్. 2001లో ఫ్రాన్సులో షుక్రూన్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఈ పద్ధతిని ముందుకు తెచ్చారు. చేతి నుంచి ఒకటి రెండు చిన్న ట్యూబుల రక్తం తీస్తారు, గడ్డకట్టకుండా ఆపే మందేమీ కలపరు. వెంటనే గిర్రున తిప్పే యంత్రంలో పెడతారు. కింద ఎర్రకణాలు, పైన పలుచటి ద్రవం, నడుమ పసుపచ్చగా జెల్లీలాంటి గడ్డ ఏర్పడతాయి. ఆ గడ్డను ఒత్తితే పొర అవుతుంది. అందులో గాయం మానేటప్పుడు పనికొచ్చే ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు, ఫైబ్రిన్ అనే రక్తపు పీచు చిక్కగా ఉంటాయి. కొన్ని రోజుల పాటు అవి మానడానికి సంకేతాలిచ్చే పదార్థాలను నెమ్మదిగా వదులుతాయి. ఇప్పటిదాకా చెప్పుకున్నవన్నీ అడ్డుగోడలైతే, మానే పనిలో కూడా పాలు పంచుకుంటానని చెప్పుకునేది ఇదొక్కటే. ఆ మాటలో నిజం ఉంది. అంగిలి పుండు మీద పైపొర కొంత ముందుగా మూసుకున్నట్టు, తొలి రోజుల నొప్పి తగ్గినట్టు చూపిన పరిశోధనలు ఒకటి రెండు కాదు. అయితే నెల తిరిగేసరికి పొర పెట్టినవాళ్లకీ పెట్టనివాళ్లకీ అంగిలి దాదాపు ఒకేలా కనిపిస్తుంది. అంటే మీకు దక్కేది మొదటి రెండు వారాల సుఖం. అది చిన్న విషయం కాదు. కానీ అద్భుతమని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి. ఈ పొర మెత్తగా ఉంటుంది, కుట్లో జిగురో లేకపోతే జారిపోతుంది. అందుకే పొర పెట్టి పైన జిగురు వేసేవాళ్లు ఉన్నారు.

డాక్టరుగారు చెప్పిన మూడింటిలో లేనిదొకటి ఉంది, నాకు బాగా ఇష్టమైనది కూడా అదే. ఆపరేషన్‌కు ముందే మీ పైపళ్ల అచ్చు తీసి, అంగిలిని కప్పే పలుచటి పారదర్శకమైన ప్లేటు చేయించుకోవడం. పళ్లకు పట్టుకుని నిలుస్తుంది, గాయానికి మెత్తటి ఒత్తిడి ఇస్తుంది, తినేటప్పుడు పుండు మీదికి ఏదీ రానీయదు. కింద స్పాంజి పెట్టినా, జిగురు వేసినా, పొర పరిచినా దీంతో గొడవ లేదు. మొదటి రోజు తీయకుండా ఉంచి, ఆ తర్వాత డాక్టరు చెప్పినట్టు తీసి కడిగి మళ్లీ పెట్టుకోవచ్చు. ఇది ముందుగా తలపెట్టవలసిన పని, ఆపరేషన్ రోజున గుర్తొచ్చి లాభం లేదు. హయలురానిక్ యాసిడ్ జెల్, లేజర్ వెలుతురు లాంటివి కూడా కొందరు వాడతారు. మీ దగ్గర సిద్ధంగా ఉంటే సరే, వెతుక్కుంటూ పోనక్కర్లేదు.

కాబట్టి, పైపొరతో సహా తీసేటట్టయితే నా ఓటు ప్లేటుకు. కింద జిగురో పీఆర్ఎఫ్ పొరో, మీ డాక్టరుగారి చేతికి ఏది అలవాటైతే అది. మూతవేసి కుట్టే పద్ధతి అయితే వీటిలో దేనికోసమూ ఎక్కువ ఆరాటపడొద్దు.

ఇంటర్నెట్‌లో ఒక్కోచోట ఒక్కోలా ఉందన్నారు. నొప్పిని ఎలా కొలుస్తారో తెలిస్తే అది ఎందుకో అర్థమవుతుంది. ఒక గీత గీసి, ఒక కొసన 0, రెండో కొసన 10 రాసి, మీ నొప్పి ఎక్కడుందో గుర్తు పెట్టమంటారు. ఎన్ని నొప్పిమాత్రలు వేసుకున్నారో లెక్కపెడతారు. పుండు మూసుకుందా లేదా అన్నది తెలుసుకోవడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్క వేస్తారు, నురగ వస్తే ఇంకా పైపొర కట్టలేదన్నమాట. కొలతలు బాగానే ఉన్నాయి. కానీ నోట్లో గులాబీ ముద్ద ఉందో లేదో రోగికి తెలియకుండా దాచడం ఎలా? కొత్త చికిత్స తనకు దక్కిందని తెలిసినవాళ్లు గీత మీద గుర్తును కొంచెం 0 వైపు జరపడం మనిషి సహజం. పైగా చాలా పరిశోధనల్లో ఉన్నది కొద్దిమంది. ఒకరు కండను ఒకటిన్నర మిల్లీమీటర్ల మందాన తీస్తే ఇంకొకరు అంతకంటే లోతుగా వెళతారు. స్పాంజితో పోలిస్తే జిగురు గెలుస్తుంది, జిగురుతో పోలిస్తే పొర కాస్త గెలుస్తుంది లేదా సమానంగా నిలుస్తుంది. దేనితో పోల్చారో చూడకుండా ఫలానాది మేలు అనే వాక్యం చదివితే దారి తప్పుతాం.

నొప్పి గురించి అసలైన విషయాలు ఇంకా ఉన్నాయి. ఆపరేషన్ మత్తు కొన్ని గంటలే ఉంటుంది. అది దిగేదాకా ఆగి, నొప్పి మొదలయ్యాక మాత్ర కోసం వెతికితే వెనకబడతారు. మొదటి మాత్ర మత్తు ఉండగానే వేసుకోమని చాలామంది డాక్టర్లు చెప్పేది అందుకే. పారాసిటమాల్ సాధారణంగా చాలామందికి సురక్షితం. ఐబుప్రోఫెన్ చిగుళ్ల నొప్పికి బాగా పనిచేస్తుంది గానీ, కడుపులో పుండ్లు, మూత్రపిండాల సమస్య, ఆస్తమా, రక్తం పలుచన చేసే మందులు ఉంటే అది మీది కాదు. షుగర్ ఉన్నవాళ్లలో మూత్రపిండాలు కొంత దెబ్బతిని ఉండే అవకాశం ఎక్కువ. అందుకే అడక్కుండా వేసుకోకండి. మొదటి రోజు బుగ్గ మీద ఐసు ప్యాక్ కాసేపు పెట్టి, కాసేపు తీసి మళ్లీ పెట్టండి. వాపు రెండు మూడు రోజులకు ఎక్కువై తర్వాత దిగుతుంది. నొప్పి కూడా ఆ దారినే తగ్గుతూ పోవాలి. మూడు నాలుగు రోజులు తగ్గి మళ్లీ పెరిగినా, జ్వరం వచ్చినా, చీము, చెడు రుచి, నోరు తెరవలేకపోవడం కనిపించినా ఏ కప్పు పెట్టారన్న ఆలోచన మాని ఫోన్ చేయండి.

గాయం మీద మూడో నాలుగో రోజున కనిపించే తెల్లటి, లేత పసుపు పొరను చూసి చాలామంది హడలిపోతారు. చర్మం మీద గాయానికి చెక్కు కట్టినట్టు నోట్లో కట్టదు, తడిలో అది ఇలా ఉంటుంది. చీము కాదు. గీరితే రక్తం వస్తుంది, మానడం మళ్లీ మొదటికి వస్తుంది.

షుగర్ సంగతి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఈమధ్య చేయించుకోకపోతే ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునే ముందే చేయించండి. 7 దగ్గర్లో ఉంటే నిశ్చింత. 8 దాటి ఉంటే ఆగుదామని చాలామంది అంటారు, నేనూ అదే అంటాను. ఇది అత్యవసర ఆపరేషన్ కాదు. అదుపులో లేని షుగర్ చేసే ఆలస్యాన్ని ఏ పొరా పూడ్చలేదు. ఇంకో చిన్న విషయం చాలామంది మరిచిపోతారు. ఆపరేషన్ తర్వాత సరిగా తినలేరు, మాత్రలు మాత్రం యథాప్రకారం వేసుకుంటారు, షుగర్ పడిపోవచ్చు. ఆ రెండు మూడు రోజులు మాత్రల మోతాదు ఏం చేయాలో మీ షుగర్ డాక్టరును ముందే అడిగి పెట్టుకోండి. పొగతాగే అలవాటు గురించి మీరు రాయలేదు. ఉంటే అది కూడా షుగర్ అంత శత్రువే, ముఖ్యంగా అతికించిన కండకు.

అలర్జీల గురించి డాక్టరుగారికి మీరే చెప్పండి, ఆయన అడిగేదాకా ఆగొద్దు. లవంగ నూనె పడకపోతే యూజినాల్ ఉన్న ప్యాక్ వద్దు. యూజినాల్ లేని ప్యాక్‌లో రోజిన్ అనే చెట్టు బంక ఉంటుంది. అంటించే ప్లాస్టర్లతో చర్మం కందిపోయేవాళ్లలో కొందరికి పడనిది ఈ రోజినే. గోళ్లకు అతికించే జిగురుతో ఎప్పుడైనా దద్దుర్లు వచ్చి ఉంటే గాయం జిగురు వద్దు.

ఇక రోజువారీ జాగ్రత్త. ఆపరేషన్ చేయని పళ్లన్నీ ఆ రాత్రి నుంచే మామూలుగా తోముకోండి. చేసిన చోట డాక్టరు చెప్పేదాకా బ్రష్ పెట్టొద్దు. క్లోర్‌హెక్సిడిన్ 0.12 లేదా 0.2 శాతంది రోజుకు రెండుసార్లు, మొదటి రోజు గట్టిగా పుక్కిలించకుండా నోట్లో అటూ ఇటూ కదిలించి వదిలేయండి. టూత్‌పేస్ట్ వాడాక వెంటనే దాన్ని పోసుకుంటే పేస్టులోని నురగ పదార్థం దాని బలం తీసేస్తుంది, కనీసం అరగంట ఎడం ఉంచండి. పళ్ల మీద గోధుమరంగు మరకలు, రుచి మారడం దాని వల్లే. మరకలు తర్వాత డాక్టరు శుభ్రం చేస్తే పోతాయి, రుచి మందు ఆపాక తిరిగొస్తుంది. అంగిలి నుంచి రక్తం కారితే శుభ్రమైన గాజ్ గుడ్డను తడిపి, మడిచి, వేలితో 15 నుంచి 20 నిమిషాలు కదపకుండా నొక్కి పట్టండి. మధ్యలో తీసి చూడొద్దు. ఆగకపోతే ఆ రాత్రే వైద్యుడి దగ్గరికి వెళ్లండి. మాటిమాటికీ ఉమ్మడం, స్ట్రాతో పీల్చడం గడ్డను కదిలిస్తాయి.

చివరిగా మీ భయం గురించి. ప్యాక్ ఊడటం చాలా మామూలు విషయం. సాధారణంగా ముక్కలు ముక్కలుగా రాలుతుంది. చిన్న ముక్క మింగినా మలంతో పాటు పోతుంది. మింగిన తర్వాత దగ్గు ఆగకుండా వస్తుంటే, ఊపిరి ఆడటం కష్టంగా ఉంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మూడు రోజుల తర్వాత ఊడి, నొప్పి లేకపోతే తిరిగి పెట్టించుకోనక్కర్లేదు, డాక్టరుకు ఫోన్లో చెప్పి పుక్కిలి మందు కొనసాగిస్తే చాలు. మొదటి రోజో రెండో రోజో ఊడితే, నొప్పి ఉంటే, లేదా దాని కింద అతికించిన కండ ఉంటే అదే రోజు చూపించుకోండి. సగం ఊడి వేలాడుతుంటే మీరు లాగొద్దు, కుట్టు దానిలో చిక్కుకుని ఉండవచ్చు.